సుప్రా ఆటోమేటిక్‌కి క్లచ్ పెట్టించాలా? ఏ గేర్‌బాక్స్ ఎవరికి?

కారు ఇంటికొచ్చిన మూడో రోజున మిత్రుడొకడు వచ్చాడు. చుట్టూ తిరిగి చూశాడు, బానెట్ ఎత్తించాడు, చివరికి డ్రైవర్ తలుపు తీసి కిందికి వంగి చూసి, "బావా, అంతా బాగుంది గానీ మూడో పెడల్ ఏదీ?" అన్నాడు. అప్పటిదాకా నాకు నేను చెప్పుకుంటున్న సర్దుబాట్లన్నీ ఆ ఒక్క ప్రశ్నతో పోయాయి.

నాది జపాన్ నుంచి వచ్చిన 1995 టయోటా సుప్రా. టర్బో (ఇంజన్‌లోకి గాలి ఎక్కువగా నెట్టి పవర్ పెంచే పరికరం) లేని ఎస్‌జెడ్ మోడల్, నాలుగు గేర్ల ఆటోమేటిక్. నేనుండేది డాలస్ దగ్గర. తయారై పాతికేళ్లు నిండిన కారుకు అమెరికాలో భద్రతా ప్రమాణాల నుంచి మినహాయింపు ఉంటుంది. అందుకే 1993 నుంచి 2002 దాకా జపాన్‌లో తయారైన ఈ తరం సుప్రాలు ఒక్కో ఏడాదివీ వరుసగా ఇక్కడికి దిగుతున్నాయి. వాటిలో ఆటోమేటిక్‌లు చాలానే ఉంటాయి, పైగా చవక. కొనేటప్పుడు అందరూ అనుకునేది ఒకటే: "ఇప్పుడు ఇది కొనేద్దాం, తర్వాత మాన్యువల్ చేయించుకుందాం." నేనూ అదే అనుకున్నాను. ఆ "తర్వాత" దగ్గర ఐదు గేర్‌బాక్స్‌లు ఎదురవుతాయి. ఒక్కోదానికీ ఒక్కో భక్తబృందం.

## పెట్టె (గేర్‌బాక్స్) కంటే ముందు తేల్చుకోవాల్సినవి

మొదటిది ఇంజన్. రెండు రకాల సుప్రాలున్నాయి. టర్బో లేనిదాంట్లో 2జేజెడ్-జీఈ, దాదాపు 220 హార్స్‌పవర్. టర్బోదాంట్లో 2జేజెడ్-జీటీఈ, అమెరికా మోడల్‌కి 320. రెండూ మూడు లీటర్ల ఆరు సిలిండర్లవే, కానీ గేర్‌బాక్స్ మీద పడే బరువు వేరు. ఈ రోజు ఎంత పవర్ ఉందన్నది సగం ప్రశ్నే. రెండేళ్ల తర్వాత ఎంత ఉండబోతోందన్నది మిగతా సగం. ఈ రెండో సగానికి నిజాయితీగా జవాబు చెప్పుకోండి. "ఎప్పటికైనా టర్బో పెడతాను" అనే వాళ్లలో నిజంగా పెట్టేవాళ్లు తక్కువ.

రెండోది స్టీరింగ్ ఏ వైపున ఉందన్నది. మనలో చాలామంది పట్టించుకోనిది, నా డబ్బు తిన్నది ఇదే. కారు జపాన్‌దైతే స్టీరింగ్ కుడి వైపు. పెడళ్ల సెట్టు, క్లచ్ మాస్టర్ సిలిండర్ కూర్చునే చోటు, అక్కడి నుంచి గేర్‌బాక్స్ దాకా వెళ్లే నూనె గొట్టం, అన్నీ అమెరికా కారుకు భిన్నం. నేను ఆన్‌లైన్‌లో మంచి ధరకు దొరికిందని పెడళ్ల సెట్టు కొన్నాను. విప్పి చూస్తే ఎడమ స్టీరింగ్‌ది. అది ఇప్పటికీ అటక మీదే ఉంది. కుడి స్టీరింగ్‌వి కావాలంటే జపాన్, ఆస్ట్రేలియా, బ్రిటన్ వైపు వెతకాలి.

మూడోది మొత్తం ఖర్చు. గేర్‌బాక్స్ ధర ఒక్కటే చూసి "ఇంతేనా" అనుకుంటే ముందుంది ముసళ్ల పండగ. చాలా సందర్భాల్లో మిగతా సామానూ కూలీ కలిసి పెట్టె ధరను దాటిపోతాయి.

నాలుగోది, కారును కోయాల్సి వస్తుందా లేదా అన్నది. బోల్టులు విప్పి మళ్లీ పాత స్థితికి తేగలిగితే ఒక లెక్క, మధ్యలో ఉండే టన్నెల్ రేకును కోస్తే ఇంకో లెక్క. రేపు అమ్మేటప్పుడు కొనేవాడు కింద పడుకుని చూసేది దాన్నే.

ఐదోది మీరుండే రాష్ట్రం. టెక్సస్‌లో ఇరవై నాలుగేళ్లు దాటిన కార్లకు పొల్యూషన్ టెస్ట్ లేదు. మామూలు కార్లకు ఉండే భద్రతా తనిఖీ కూడా 2025 జనవరి నుంచి తీసేశారు. అందుకే ఇక్కడ మాకు ఈ విషయంలో టెన్షన్ లేదు. కాలిఫోర్నియా సంగతి పూర్తిగా వేరు. అక్కడ 1976 నుంచి వచ్చిన పాత పెట్రోలు కార్లన్నిటికీ స్మాగ్ (పొల్యూషన్) పరీక్ష ఉంటుంది. 1996 నుంచి వచ్చిన అమెరికా కార్లయితే కంప్యూటర్‌కి ప్లగ్ పెట్టి మరీ చూస్తారు. ఆటోమేటిక్ తీసేశాక, "నా గేర్‌బాక్స్ ఎక్కడ?" అని కారు కంప్యూటర్ చెక్ ఇంజన్ లైటు వెలిగించిందంటే పరీక్ష పోయినట్టే. జపాన్ నుంచి తెచ్చిన కారును అక్కడ రిజిస్టర్ చేయించడమే ఒక పెద్ద తంతు. బే ఏరియాలో ఉన్నవాళ్లు గేర్‌బాక్స్ కొనక ముందే ఈ పని తెలిసిన మనిషితో మాట్లాడండి.

## పట్టికలో ఒకసారి

| గేర్‌బాక్స్ | గేర్లు | ఎక్కడిది | తట్టుకునే పవర్ | కోతలు, అతుకులు | మొత్తం ఖర్చు |
|---|---|---|---|---|---|
| డబ్ల్యూ58 | 5 | టర్బో లేని సుప్రా, లెక్సస్ ఎస్‌సీ300 | సుమారు 300 హార్స్‌పవర్ లోపు | దాదాపు లేవు | అన్నిటికంటే తక్కువ |
| ఆర్154 | 5 | పాత తరం సుప్రా టర్బో, టయోటా చేజర్, మార్క్ 2 | బలపరిస్తే 450 ప్రాంతం | కొద్దిగా | మధ్యస్థం |
| వీ160 | 6 | ఈ తరం సుప్రా టర్బో | చాలా ఎక్కువ | లేవు | అన్నిటికంటే ఎక్కువ |
| సీడీ009 | 6 | నిస్సాన్ 350జెడ్ | 600 ప్రాంతం | చాలా | మధ్యస్థం నుంచి ఎక్కువ |
| టీ56 మ్యాగ్నమ్ | 6 | ట్రెమెక్ కంపెనీ, కొత్తది | 700 పౌండ్-ఫీట్ టార్క్ (తయారీదారు లెక్క) | చాలా | ఎక్కువ |

పవర్ అంకెలు, చివరి వరస తప్ప, ఈ పని చేసేవాళ్లలో చెలామణిలో ఉన్న లెక్కలు. క్లచ్ వదిలే పద్ధతి మొరటుగా ఉంటే ఏ పెట్టె అయినా ముందే పోతుంది.

## డబ్ల్యూ58: పేరు లేని మంచి పెట్టె

టర్బో లేని సుప్రాకు టయోటా స్వయంగా ఇచ్చిన మాన్యువల్ ఇది. అంటే ఫ్లైవీల్ (ఇంజన్ వెనక తిరిగే బరువైన చక్రం), బెల్ హౌసింగ్ (ఇంజన్‌కి గేర్‌బాక్స్‌ని కలిపే గంట ఆకారపు తొడుగు), ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేర్‌బాక్స్ నుంచి వెనక్కి వెళ్లే కడ్డీ), గేర్ లివర్ బయటికొచ్చే చోటు, అన్నీ కంపెనీ కొలతలే. స్పీడ్ సెన్సర్ కూడా మామూలుగానే పనిచేస్తుంది, స్పీడోమీటర్‌తో కుస్తీ ఉండదు. వెనక చక్రాలకు శక్తిని పంచే డిఫరెన్షియల్ రేషియో కూడా ఐదు గేర్లకు సరిపోతుంది, దాన్ని ముట్టుకోనక్కర్లేదు.

అమెరికాలో దీనికి ఇంకో దారి ఉంది. 1990ల్లో లెక్సస్ ఎస్‌సీ300 కొన్ని ఐదు గేర్ల మాన్యువల్‌తో వచ్చాయి, ఇదే ఇంజన్, ఇదే పెట్టె. స్క్రాప్‌యార్డుల్లో అదృష్టముంటే దొరుకుతాయి. పాత తరం సుప్రా నుంచి తీసిన డబ్ల్యూ58 మాత్రం చూసుకుని కొనండి. దానికి ముందుండే బెల్ హౌసింగ్ ఆ తరానికి చెందిన 7ఎం ఇంజన్‌ది, 2జేజెడ్‌కి కూర్చోదు.

దీని మీద ఉన్న నింద ఒక్కటే: బలం లేదు. నిజమే, టర్బో పెట్టి గట్టిగా తొక్కితే పళ్లు రాలతాయి. 220 హార్స్‌పవర్ కారుకు మాత్రం ఏ ఢోకా లేదు. గేర్ పడేటప్పుడు కొంచెం రబ్బరు సాగినట్టు ఉంటుంది, ఆ మాట ఒప్పుకోవాలి. కొత్త బుష్‌లు వేయిస్తే సగం పోతుంది.

## ఆర్154: మధ్యే మార్గం

1980ల చివర్లో పాత తరం సుప్రా టర్బో కోసం వచ్చిన ఐదు గేర్ల పెట్టె. తర్వాత జపాన్‌లో చేజర్, మార్క్ 2 టర్బో కార్లకూ ఇచ్చారు. మనకు కావాల్సింది ఈ రెండో రకం, ఎందుకంటే ఆ కార్లలోని 1జేజెడ్ ఇంజన్ బెల్ హౌసింగ్ 2జేజెడ్‌కి నేరుగా బోల్టవుతుంది. గేర్ లివర్ పైకొచ్చే చోటు మాత్రం ఏ కారు నుంచి తీసిన పెట్టె అన్నదాన్ని బట్టి మారుతుంది. ఫొటోలు చూసి కాదు, కొలత అడిగి కొనండి.

ఈ పెట్టెకు తెలిసిన జబ్బు ఒకటుంది. మొదటి గేరు వెనక ఉండే థ్రస్ట్ వాషర్ పల్చన. అది అరిగితే గేర్లు పట్టవు. బలమైన వాషర్, బేరింగ్ పట్టుకునే ప్లేట్లు విడిగా దొరుకుతాయి. ముప్ఫై ఏళ్ల నాటి పెట్టెను విప్పకుండా కార్లో పెట్టేయడం తెలివితక్కువ పని, విప్పినప్పుడే ఇవి వేయించేయాలి. ఈ ఖర్చును చాలామంది లెక్కలో రాసుకోరు, తర్వాత "ఆర్154 చవకని చెప్పారే" అంటారు.

చిన్న టర్బోతో 350, 400 హార్స్‌పవర్ దగ్గర ఆగిపోయే మనిషికి నా ఓటు దీనికే.

## వీ160: అందరూ కోరుకునేది, నేను వద్దనేది

గేర్‌బాక్స్‌ల కంపెనీ గెట్రాగ్, టయోటా కలిసి చేసిన ఆరు గేర్ల పెట్టె. టర్బో సుప్రాకు పేరు తెచ్చినవాటిలో ఇదొకటి. గేరు పడే తీరు, బలం, రెండిట్లోనూ లోపం చెప్పలేం. కారుకు ఒక్క కోత పడదు.

ధర మాత్రం గుండె ఆగేలా ఉంటుంది. మంచి స్థితిలో ఉన్న పాత సెట్టుకు పది వేల డాలర్ల మాట మామూలుగా వినిపిస్తుంది. దీనికి వేరే నూనె కావాలి, దాని ధరా వేరే.

సరే, డబ్బుంది, పెడతాం అంటారా? ఒక్క క్షణం ఆగండి. వీ160కి అంత ధర ఎందుకొచ్చింది? ఫ్యాక్టరీ నుంచే ఆరు గేర్లతో వచ్చిన టర్బో సుప్రాలకు పిచ్చి ధరలు వస్తున్నాయి కాబట్టి. 2019లో అమీలియా ఐలాండ్ వేలంలో 1994 టర్బో ఆరు గేర్ల కారొకటి 1,73,600 డాలర్లకు పోయింది. ఆ ధర పెట్టెది కాదు, కారు పుట్టుకది. మీ కారు బానెట్ కింద ఉండే తయారీ ప్లేటు మీద ట్రాన్స్ ఆక్సిల్ అనే గడి ఉంటుంది. అందులో ఆటోమేటిక్ పేరే ఉంటుంది, మీరు ఏ పెట్టె పెట్టినా అది మారదు. జపాన్ కారైతే మోడల్ కోడ్‌లోనే తెలిసిపోతుంది: జేజెడ్ఏ80 తర్వాత వచ్చే అక్షరాల్లో ఎఫ్ ఉంటే ఆరు గేర్ల మాన్యువల్, పీ ఉంటే ఆటోమేటిక్. కొనేవాడు ముందు చూసేది అదే.

అంటే ఫ్యాక్టరీ పేరు కోసం డబ్బు పెట్టి ఆ పేరు లేని కారు తెచ్చుకుంటున్నారన్నమాట. టర్బో ఆటోమేటిక్ ఉండి, ఎప్పటికీ అమ్మనని ఒట్టేసుకుని, కోతలు అస్సలు వద్దనుకునే మనిషికి తప్ప నేను దీన్ని సూచించను.

## సీడీ009: ధర చూసి పడిపోయేది

నిస్సాన్ 350జెడ్‌కి వచ్చిన ఆరు గేర్ల పెట్టెల్లో మెరుగుపరిచిన రకం. గట్టిది, విరివిగా దొరుకుతుంది. అందుకే ఈ మధ్య 2జేజెడ్ వాళ్లంతా దీని చుట్టూ తిరుగుతున్నారు. పెట్టె ధర ఒక్కటే చూస్తే వీ160 ముందు నవ్వొస్తుంది.

తర్వాత లిస్టు మొదలవుతుంది. దీని బెల్ హౌసింగ్ పెట్టెతో కలిసే పోతపోసి ఉంటుంది, దాన్ని కోసి టయోటా ఇంజన్‌కి సరిపడే అడాప్టర్ బిగించాలి. గేర్ లివర్ సరైన చోటుకు రాదు, దాన్ని జరిపే భాగం కొనాలి. ప్రొపెల్లర్ షాఫ్ట్ కొలతిచ్చి చేయించాలి. గేర్‌బాక్స్ మౌంటు కూడా కొత్తదే. స్పీడ్ సెన్సర్ ఈ పెట్టెకు లేదు, ఎందుకంటే నిస్సాన్ ఆ లెక్క ఏబీఎస్ నుంచి తీసుకుంటుంది. కాబట్టి మీ స్పీడోమీటర్‌కి వేరే ఏర్పాటు చేయాలి. ఒక్కోటీ చిన్నదే, అన్నీ కలిస్తే తడిసి మోపెడవుతుంది.

500 హార్స్‌పవర్ దాటబోతున్నవాళ్లకు ఇదంతా తగినదే. వీ160 కంటే తక్కువలో అంత బలం ఇంకెక్కడా రాదు. 220 హార్స్‌పవర్ కారులో దీన్ని పెట్టించుకున్న ఇద్దరిని నేను చూశాను. ఎందుకని అడిగితే ఇద్దరూ "ఆరు గేర్లు కదన్నా" అన్నారు.

టీ56 మ్యాగ్నమ్ గురించి పెద్దగా చెప్పను. అమెరికాలో కొత్తది, బిల్లుతో దొరుకుతుంది. భారీ పెట్టె, టన్నెల్‌లో పట్టించడానికి పని పడుతుంది. 700 పైన హార్స్‌పవర్ తీసేవాళ్ల వస్తువది. మిగతావాళ్లకు, కందకు లేని దురద కత్తిపీటకెందుకు?

## లిస్టులో ఎవరూ రాయనివి

ఏ పెట్టె ఎంచుకున్నా ఇవి తప్పవు. ఆటోమేటిక్‌కి ఉండే పల్చటి ఫ్లెక్స్ ప్లేట్ తీసి బరువైన ఫ్లైవీల్ పెట్టాలి, దాని బోల్టులు కూడా వేరే. ఇంజన్ క్రాంక్ చివర, గేర్‌బాక్స్ ముందు కడ్డీని పట్టుకునే పైలట్ బేరింగ్ దిగ్గొట్టాలి. పాత రోజుల్లో దీన్ని మర్చిపోయి మొత్తం బిగించి, మళ్లీ దింపిన మెకానిక్‌ల కథలు కోకొల్లలు. ఆటోమేటిక్ నూనె చల్లబరిచే గొట్టాలు రేడియేటర్‌కి వెళ్తాయి, వాటిని తీసి మూతలు వేయాలి. పార్క్, న్యూట్రల్‌లో ఉంటేనే స్టార్టయ్యే స్విచ్చిని దాటించి, దాని బదులు క్లచ్ పెడల్ స్విచ్చి కలపాలి. రివర్స్ లైటు తీగలు ఎవరికీ గుర్తుండవు. మొదటిసారి చీకట్లో వెనక్కి తీసినప్పుడు గుర్తొస్తాయి.

ఇక కంప్యూటర్. టర్బో లేని కారుకు మాన్యువల్ ఈసీయూ (ఇంజన్‌ని నడిపే కంప్యూటర్) వెతికి పెట్టడం మేలు. టర్బోకైతే ఆటోమేటిక్ ఈసీయూ తన గేర్‌బాక్స్ నుంచి కబురు రాక గొడవ చేస్తుంది. పవర్ పెంచే ఆలోచన ఉన్నవాళ్లు ఎలాగూ విడి ఈసీయూకి వెళ్తారు, ఆ ఖర్చూ ట్యూనింగ్ ఖర్చూ ఇప్పుడే కలుపుకోండి.

టర్బో ఆటోమేటిక్‌లో డిఫరెన్షియల్ రేషియో మాన్యువల్ కారుది కాదు. ఆరు గేర్ల పెట్టె పెట్టి దీన్ని వదిలేస్తే మొదటి గేరు వేసీ వేయగానే అయిపోతుంది, హైవే మీద ఇంజన్ అనవసరంగా అరుస్తుంది. రెండూ కలిపి కొనండి.

నా అనుభవంలో బాగా విసిగించింది వేరే. పని అయ్యాక అరవై మైళ్ల దగ్గర సీటు కింద సన్నటి వణుకు. షాపువాళ్లు టైర్లన్నారు, బ్యాలెన్సింగ్ అన్నారు. రెండుసార్లు డబ్బు కట్టాక, ఇంకో ముసలి మెకానిక్ కింద పడుకుని కోణం కొలిచే పరికరం పెట్టి చూశాడు. గేర్‌బాక్స్ వెనక భాగం కొంచెం కిందికి ఉంది, డిఫరెన్షియల్‌తో కోణం కలవట్లేదు. మౌంటు దగ్గర రెండు పల్చటి ముక్కలు పెట్టాడు, వణుకు పోయింది. అందుకే ఒప్పుకునే ముందే షాపును ఒక మాట అడగండి: "బిగించాక షాఫ్ట్ కోణాలు కొలుస్తారా?" తడబడితే ఇంకో షాపు చూసుకోండి.

మనలో చాలామంది అపార్ట్‌మెంట్లలో ఉంటాం. పార్కింగ్‌లో కారు ఎత్తిపెట్టి పని చేస్తే లీజింగ్ ఆఫీసు నుంచి కాగితం వస్తుంది. సొంత గరాజ్, నాలుగు గట్టి స్టాండ్లు, ట్రాన్స్‌మిషన్ జాక్, సాయానికి ఇంకో మనిషి ఉంటేనే "నేనే చేసుకుంటా" అనండి. ఇన్సూరెన్స్ వాళ్లకు మార్పు సంగతి రాతపూర్వకంగా చెప్పండి. ముందే ఒప్పుకున్న విలువకు చేసే పాలసీ అయితే బిల్లులన్నీ దాచుకోండి.

## అసలు చేయకపోతే?

ఆటోమేటిక్‌ని మరీ తీసిపారేయకండి. టయోటా ఏ340 మొండి పెట్టె, లక్షల మైళ్లు లాగుతుంది. రోజూ ట్రాఫిక్‌లో ఆఫీసుకు తీసుకెళ్లే కారు ఇదే అయితే, ఇంట్లో ఇంకొకరు కూడా నడిపేదైతే, నూనె మార్పించి అలాగే ఉంచుకోండి.

ఇంకో దారి: ఉన్నది అమ్మేసి ఫ్యాక్టరీ మాన్యువల్ కొనడం. కాగితం మీద ఒక లెక్క వేయండి. మీ కారుకు వచ్చే ధర, దానికి మార్పిడి మొత్తం ఖర్చు కలపండి. అదే స్థితిలో ఉన్న ఫ్యాక్టరీ మాన్యువల్ ధర దానికంటే కొంచెమే ఎక్కువైతే కళ్లు మూసుకుని మాన్యువల్ కొనండి, ఎందుకంటే రేపు అమ్మేటప్పుడు ఆ తేడా తిరిగొస్తుంది, మార్పిడి ఖర్చు రాదు. టర్బో లేనివాటిలో ఈ లెక్క చాలాసార్లు కొనడం వైపే మొగ్గుతుంది. టర్బోల్లో తేడా మరీ ఎక్కువ కాబట్టి మార్పిడికే అర్థముంటుంది.

"ఇండియా వెళ్లేటప్పుడు తీసుకెళ్దాం" అనే ఆలోచనుంటే ఇక్కడే వదిలేయండి. పాత కార్ల దిగుమతికి అక్కడ మూడేళ్ల వయసు పరిమితి ఉంది. ముప్ఫై ఏళ్ల సుప్రా హైదరాబాద్ రోడ్డెక్కదు.

## నా మాటగా

టర్బో లేని కారు, వారాంతాల్లో సరదాగా నడపడానికి: డబ్ల్యూ58. చిన్న టర్బో ఖాయంగా పెడుతున్నారు, కిట్ ఇప్పటికే గరాజ్‌లో ఉంది: ఆర్154, విప్పి బలపరిచాకే. ఫ్యాక్టరీ టర్బో, 500 దాటించే పని మొదలైంది: సీడీ009. ఫ్యాక్టరీ టర్బో, అంతా ఒరిజినల్‌గా, పవర్ పెంచే ఉద్దేశం లేదు: ఆటోమేటిక్‌గానే ఉంచండి, ఒరిజినల్ అంటే అదే. కాలిఫోర్నియాలో 1996, ఆ తర్వాతి అమెరికా కారు: ముందు స్మాగ్ సంగతి తేల్చుకుని అప్పుడు నాకు ఫోన్ చేయండి.

నేను డబ్ల్యూ58 పెట్టించాను. ఎడమ చేత్తో గేరు వేయడం ఇక్కడి మిత్రులకు వింత, నాకు మాత్రం విజయవాడలో నాన్న మారుతీ 800 మీద నేర్చుకున్న చెయ్యే మళ్లీ దొరికింది. తీసిన ఆటోమేటిక్, దాని ఈసీయూ, ఫ్లెక్స్ ప్లేట్ అన్నీ పేర్లు రాసి గరాజ్ మూలన సర్దాను, కొనేవాడు అడిగితే ఇవ్వడానికి. ప్రస్తుతానికి ఆ పెట్టె మీద మా ఆవిడ ఆవకాయ జాడీలు పెట్టింది.